మన సంఘం వార్షిక నివేదిక 2025-26: నిలువురాళ్లు, నక్షత్రాలు, నెట్

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది. ఆ నియమం లేకపోయినా ఈసారి రాసేవాణ్ణే, ఎందుకంటే పని చేసిన కొద్దిమంది కష్టం కాగితం మీద ఉండాలి.

మూడు వేల ఏళ్లకు ముందే మనుషులు కృష్ణ ఒడ్డున నిలబెట్టిన మన ముడుమాల్ (నారాయణపేట జిల్లా) నిలువురాళ్లు 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాక ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వచ్చినవాళ్లు నెట్‌లో వెతికితే దొరికేది ఒకరి రీల్ చూసి ఇంకొకరు చేసిన రీల్. అసలు సమాచారం లేక కాదు. యునెస్కో పేజీ ఉంది, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కె.పి. రావు గారు ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఉంది, పాత పురావస్తు నివేదికలు స్కాన్ అయి ఆర్కైవ్‌లలో ఉచితంగా ఉన్నాయి. అన్నీ ఇంగ్లిషులో, తలో చోట. వాటిని ఒకచోట చేర్చి, ఏది ఎందుకు పనికొస్తుందో తెలుగులో రాసి పెట్టడమే ఈ ఏడాది మన ప్రధాన పని. టైపింగ్ భారం దాదాపు అంతా డ్రాయింగ్ సార్, ఆయన కూతురు మోశారు. వాళ్లిద్దరికీ ధన్యవాదాలు, ఉత్త మాటగా కాదు.

ఇక డిసెంబర్ 21 గురించి. సూర్యుడు దక్షిణపు కొసకు చేరి ఉత్తరానికి మళ్లే రోజు అది, మన రాళ్ల వరుసల్లో కొన్ని ఆనాటి సూర్యోదయం దిక్కుకు ఉన్నాయని పరిశోధకులు అంటారు. ఇది మాత్రం కాస్త వివరంగా రాస్తాను, ఎవరూ తొందరపెట్టొద్దు.

ముందుగా హైస్కూల్ పిల్లలకు స్టెల్లేరియం నేర్పించాం. డబ్బు కట్టక్కర్లేని ప్రోగ్రాం అది, ఏ ఊరి ఆకాశాన్నయినా ఏ తేదీకైనా చూపిస్తుంది. ఊరు ముడుమాల్ అని పెట్టి, కాలాన్ని మూడు వేల ఏళ్లు వెనక్కి తిప్పమన్నాం. పిల్లలు మొదట గమనించింది ధ్రువతారనే. ఇప్పుడు ఉత్తరాన కదలకుండా నిలబడే ఆ చుక్క అప్పట్లో మిగతా చుక్కలతో పాటే తిరుగుతోంది. భూమి అక్షం బొంగరం తలలా ఊగుతూ ఒక చుట్టు పూర్తి చేయడానికి సుమారు 26 వేల ఏళ్లు పడుతుంది, అందుకే ఉత్తర ధ్రువం ఎదురుగా ఉండే చుక్క మారిపోతుంటుంది. మరి చుక్కలు అంత జరిగితే, రాళ్ల వరుసల వెంట సూర్యోదయం చూడటం ఇప్పుడు ఎలా కుదురుతుంది సార్ అని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. చాలామంది పెద్దలకు రాని ప్రశ్న అది. జవాబు కూడా ప్రోగ్రాంలోనే దొరికింది: అక్షం చూపే దిక్కు మారింది కానీ దాని వంపు పెద్దగా మారలేదు, అందువల్ల ఉత్తరాయణం మొదలయ్యే నాటి సూర్యోదయ స్థానం ఇన్ని వేల ఏళ్లలో సూర్యబింబం వెడల్పంత కూడా జరగలేదు.

ఆదివారం తెల్లవారుజామున చలిలో కృష్ణ ఒడ్డుకు వెళ్లాం. పది పదిహేను అడుగుల ఎత్తున్న ఆ రాళ్ల మధ్య నిలబడి, ఫోన్‌లో చూసిన దిక్కుతో కళ్ల ముందు లేచే సూర్యుణ్ణి సరిచూసుకున్నారు పిల్లలు. చిన్న చిన్న గుంటలతో సప్తర్షి మండలం చెక్కి ఉందని చెబుతున్న రాయిని కూడా చూపించాం. ఊరివాళ్లు ఆ రాళ్లకు మొక్కుతారు కాబట్టి ఎక్కడం, సుద్దముక్కతో గీయడం లాంటివి చేయొద్దని ముందే చెప్పాం, పిల్లలు మాట విన్నారు. (వినని ఇద్దరు పెద్దలున్నారు, వాళ్లకు తెలుసు.) బండి పంపిన రైతు అన్నకు, ఉప్మా చేసి తెచ్చిన మహిళా సంఘం అక్కలకు, సెలవు రోజున వచ్చిన హెడ్మాస్టర్ గారికి కృతజ్ఞతలు. ఒక మనవి: "ప్రపంచంలోనే మొట్టమొదటి అబ్జర్వేటరీ" అంటూ తిరిగే ఫార్వర్డ్‌లను మన సంఘం పేరుతో పంపకండి, ఉన్న విషయమే చాలినంత గొప్పది.

స్టెల్లేరియంలో ఇంకో సదుపాయం ఉంది. ఆస్ట్రేలియా ఆదివాసులు, న్యూజిలాండ్ మావోరీలు, అమెరికాలోని లకోటాలు ఆకాశాన్ని ఎలా చూశారో విడివిడిగా చూపిస్తుంది. అది చూశాక మన గొల్లకావడి, పిల్లలకోడి, మంచంకోళ్లు లాంటి చుక్కల గుంపుల గురించి కూడా పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టాలనిపించింది. గోండుల, కోలాముల, బంజారాల నక్షత్ర జ్ఞానం మీద ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త మయాంక్ వాహియా గారి బృందం ఊళ్లు తిరిగి రాసిన వ్యాసాలు నెట్‌లో ఉచితంగానే చదవొచ్చు. వాటిని నమూనాగా పెట్టుకుని తండాల్లో సేకరణ మొదలుపెట్టాం. మొదలుపెట్టాం అంతే, సాగలేదు. గ్రూపులో బొటనవేలు చూపించినవాళ్లు బోలెడు, ఆదివారం బస్టాండ్‌కు వచ్చింది నేనూ కోశాధికారీ. వీలు కాకపోతే కాదని చెప్పండి, ఎదురుచూసే టెన్షన్ అయినా తప్పుతుంది.

మన పాత పాలమూరు జిల్లా అమ్రాబాద్ చెంచులను 1940లో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు లండన్‌లోని సోయస్ (SOAS) విశ్వవిద్యాలయం డిజిటల్ సేకరణలో ఉన్నాయి. వాటిని ఒక సాయంత్రం తెర మీద చూపించాం. వచ్చిన చెంచు యువకులు అడిగింది ఒకటే, ఇవి మా పెంటల్లో (చెంచు గూడేల్లో) మా పెద్దలకు చూపించేదెప్పుడు అని. న్యాయమైన మాట. అక్కడ సిగ్నల్ ఉండదు, కాబట్టి వాడకం షరతులు చూసుకుని ప్రింట్లు తీసుకెళ్లాలి.

రాళ్ల దగ్గర క్యూఆర్ కోడ్‌తో తెలుగు బోర్డు పెట్టుకుంటాం, ఖర్చు మాదే అని సంబంధిత కార్యాలయానికి అర్జీ ఇచ్చాం, గుర్తుచేశాం, మళ్లీ ఇచ్చాం. ఫైల్ పైకి వెళ్లిందన్నారు. ఎంత పైకో చెప్పలేదు.

లెక్కలు: ఆడిట్ అయ్యాయి, కాగితం జత చేశాం, నిల్వ కొద్దిగా ఉంది, ప్రొజెక్టర్ రిపేరు తప్ప పెద్ద ఖర్చు లేదు. వివరాలు కోశాధికారిని అడగండి. చందా బాకీల జాబితా కూడా ఆయన దగ్గరే ఉంది, చదవమంటే చదువుతారు.

వచ్చే ఏడాదికి తండాల సేకరణ బాధ్యుడి పదవి ఖాళీగా ఉంది. పేర్లు ఇవ్వదలచినవాళ్లు సమావేశం ముగిసేలోపు రిజిస్టర్‌లో రాయండి, గ్రూపులో కాదు.

ఇట్లు, కార్యదర్శి