పురుగు పేరు చెప్పే మనిషి కావాలి

సంపాదకుడు గారికి,

రెండు నెలల వేట నిషేధం జూన్ 14తో ముగిసి, మా రాజోలు వైపు మళ్లీ పచ్చి చేప వచ్చింది. వారం తిరక్కుండా ఒక వాట్సాప్ వీడియో కూడా వచ్చింది. చేప పొట్ట కోస్తే తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. వెనక నుంచి ఒకాయన "సముద్రం చేపలు తినకండి, క్యాన్సర్ వస్తుంది" అంటుంటాడు. ఏ చేపో, ఏ ఊరో లేదు. ఆ ఆదివారం మార్కెట్లో మధ్యాహ్నం దాటినా గంపలు దించినవి దించినట్టే ఉన్నాయి.

మాకు చేపలు తెచ్చే ఆవిడ ఒక కానాగంత పేగులు కవర్లో వేసుకుని మా ఇంటికే వచ్చింది. "ఇయ్యి తింటే చచ్చిపోతారంటన్నారండి మాస్టారూ, నిజవేనాండి?" అని అడిగింది. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ణి. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

కాలేయం మీద, పేగుల చుట్టూ ఉండే పలచటి పొరలో ఆరేడు కనిపించాయి. వాచీ స్ప్రింగులా చుట్టుకుని ఉన్నాయి. ఉప్పునీళ్లలో వేస్తే ఒకటి మెల్లగా విచ్చుకుంది. రెండు సెంటీమీటర్లుంటుందేమో. గుండ్రటి పురుగే, మన పిల్లల కడుపులో పడే ఏలికపాముకి దాయాది. కంటితో చెప్పగలిగేది ఇంతే. దీన్ని గ్లిజరిన్లో నానబెడితే ఒళ్లు అద్దంలా అవుతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద ఆహారనాళం పేగుతో కలిసే చోటు చూడాలి. అక్కడ పక్క సంచులేమీ లేకపోతే అది అనిసాకిస్ అనే రకం కావచ్చు. ముందుకొక సంచి, వెనక్కొక సంచి ఉంటే కాంట్రసీకమో, హిస్టెరోథైలాసియమో అయి ఉంటుంది. ఈ రెంటిలో ఏదో తేల్చడానికి విసర్జక రంధ్రం వెతకాలి. మొదటిదానికి అది పెదవుల దగ్గరే ఉంటుంది, రెండోదానికి కాస్త కిందకి ఉంటుంది.

ఇంత చాదస్తం ఎందుకంటే, అనిసాకిస్ పెద్దదయ్యేది డాల్ఫిన్లు, తిమింగలాల కడుపులో. పచ్చి చేపతో పాటు మనిషి కడుపులోకి వెళ్తే పొట్ట గోడను పట్టుకుని భరించలేని నొప్పి తెస్తుంది. కాంట్రసీకం ఎక్కువగా గూడబాతులు, నీటికాకుల్లాంటి పిట్టల్లో పెద్దదవుతుంది. హిస్టెరోథైలాసియం పెద్దదయ్యేది చేపల్లోనే. ఇక జనలో, అంటే చేప గుడ్ల సంచిలో, ఎర్ర దారాల్లా కనిపించేవి వేరే, అవి ఫైలోమెట్రా. వాటి బెడద చేపకే గానీ, జన వేపుడు తినేవాళ్లకు కాదు. మన తూర్పు తీరం చేపల జనలోంచి ఈ రకానివే నాలుగు కొత్త జాతుల్ని 2013లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే మన పురుగుల్లో కొన్నిటికి ఇంకా పేర్లు పెడుతూనే ఉన్నారు.

మనం పులుసు పెట్టుకుంటాం, పచ్చిది తినం. ముక్క లోపలిదాకా 60 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలితే ఈ పురుగులు చస్తాయి. మరిగే చింతపండు పులుసులో ఏ పురుగు బతుకుతుంది? ఒంటికి పడని కొద్దిమందికి మాత్రం చచ్చిన పురుగుతో కూడా దద్దుర్లు రావచ్చు. పొట్ట కోయగానే పేగులు తీసి పారేయడం మంచిది. ఆవిడకు ఇదే చెప్పాను. నా పాత మైక్రోస్కోపులో రెండు సంచులూ కనిపించాయి కాబట్టి అనిసాకిస్ కాదని కూడా చెప్పాను. లెన్సుకు బూజు పట్టడంతో ఆ రంధ్రం మాత్రం దొరకలేదు.

మిగతాది తేల్చుకుందామని ఒక ఆఫీసుకి పట్టుకెళ్లాను. "ఇది మా సెక్షన్ కాదు" అన్నారు. రెండోచోట మర్యాదగా కూర్చోబెట్టి, సీసా తీసుకుని ఫార్మలిన్ పోయబోయారు. చెయ్యి అడ్డం పెట్టాను. ఇవి పిల్ల పురుగులు, జాతి దాకా చెప్పాలంటే డీఎన్ఏ పరీక్ష కావాలి. ఫార్మలిన్ పడితే అది పాడైపోతుంది, స్పిరిట్‌లోనే ఉంచాలి. ఈమాత్రం తెలిసినవాళ్లు ఇన్ని బోట్లు తిరిగే తీరంలో అందుబాటులో ఉండాలా, వద్దా?

నేను అడిగేది పెద్ద ల్యాబ్ కాదు. అంతర్వేది పల్లిపాలెం, కాకినాడ లాంటి రేవుల్లో ఒక మంచి మైక్రోస్కోపు, గ్లిజరిన్, స్పిరిట్ సీసాలు, వాటితో పని చేయడం వచ్చిన ఒక మనిషి ఉంటే చాలు. బీఎస్సీ చదివిన మన పిల్లలకు కొన్నాళ్లు నేర్పిస్తే వచ్చే పనే. డీఎన్ఏ అవసరమైనవి కాకినాడ, విశాఖల్లోని మత్స్య సంస్థలకు పంపొచ్చు. వీడియో వచ్చిన రోజే ఆ మనిషి "ఇది ఫలానా పురుగు, వండుకుంటే భయం లేదు" అని కాగితం మీద రాసిస్తే, గంప ముందు పెట్టుకుని అమ్ముకుంటారు. మీ పత్రిక కూడా "చేపల్లో పాములు" అని హెడ్డింగ్ పెట్టే ముందు ఆ మనిషికి ఒక ఫోన్ కొట్టొచ్చు.

సీసా ఇంకా నా బల్ల మీదే ఉంది. లోపల పెన్సిలుతో రాసిన చీటీ వేశాను, ఇంకు అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది. చేప, అవయవం, రేవు, తేదీ అన్నీ రాశాను, పురుగు పేరు దగ్గర ఖాళీ వదిలాను. ఎవరికివ్వాలో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారా చెబితే, బస్సెక్కి నేనే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
రాజోలు, కోనసీమ జిల్లా