డిసెంబర్ వార్తాలేఖ: బురద అంటిన యూనిఫాంల గురించి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల చివరి శనివారం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు మోకాళ్ల దాకా బురదతో ఇంటికి వచ్చారు. ఆ రాత్రి నుంచి వాట్సాప్ గ్రూపులో "చదువుకోమని పంపితే పొలంలోకి దింపుతారా" అన్న మాట తిరుగుతోంది. దింపింది నేనే. ఎందుకో చెబుతాను.

నవంబర్ 7న రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా జయంతి. ఆ ఉదయం అసెంబ్లీలో ఆయన గురించి మాట్లాడిన ఎనిమిదో తరగతి అబ్బాయి, చివర్లో "మా నాన్న కూడా రైతే" అన్నాడు. వెనక వరుసల్లో కొందరు నవ్వారు. వాడు తల దించుకుని స్టేజీ దిగాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అంత బాధ కలిగిన రోజులు తక్కువ. ఆ నవ్విన వాళ్లలో సగం మంది ఇళ్లలో ఇప్పటికీ వ్యవసాయం ఉంది.

రంగా గారు 1900లో పొన్నూరు పక్కన నిడుబ్రోలులో, రైతు కుటుంబంలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివి వచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో పాఠాలు చెప్పారు. అక్కడే ఉండిపోయి ఉంటే హాయిగా గడిచిపోయేది. ఆయన మాత్రం రైతుల మధ్యకు వచ్చారు. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1934లో నిడుబ్రోలులోనే రైతు విద్యాలయం పెట్టారు. రైతుబిడ్డకు రాజకీయం, ఆర్థికం తెలియాలని, తన బాధ తానే చెప్పుకోగలగాలని ఆయన తపన. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ మొదలైనప్పుడు స్వామి సహజానంద అధ్యక్షుడు, మన రంగా గారు కార్యదర్శి. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో, రైతుల భూములు కలిపి చేసే ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేస్తే, రైతు చేతిలోంచి భూమి పోతుందని ఎదురు తిరిగి, పదవి వదిలేసి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. తర్వాత మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి 1980 నుంచి వరసగా మూడుసార్లు గుంటూరు ఎంపీగా గెలిచారు. మధ్యలో ఓటములున్నా, 1930లో మొదలైన ఆ చట్టసభల జీవితం 1991 దాకా సాగింది. గుంటూరు దగ్గర లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఇంతటి మనిషి పుట్టిన జిల్లాలో "మా నాన్న రైతు" అంటే పిల్లలు నవ్వడమా?

అందుకే ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారిని అడిగి, పిల్లల్ని వాళ్ల మాగాణికి తీసుకెళ్లాను. కోతకు ముందు వరి చేలో మినుములు చల్లే రోజులవి. ఆయన చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఎకరానికి 16 కిలోల విత్తనం లెక్కన ముప్పావు ఎకరానికి 12 కిలోలని నోటితో చెప్పింది, ఆ రోజు నవ్విన వాళ్లలో ఒకడే! పిడికిలి వదిలే తీరు చూపించి, "ఒకేచోట కుప్ప పడనివ్వకు" అని వాడి చెయ్యి పట్టి నేర్పింది మన ఎనిమిదో తరగతి ఉపన్యాసకుడు. నాకు కళ్లు చెమర్చాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నాగపూర్ తీర్మానం మీద నాలుగు పేజీలు రాసింది. సహకార సేద్యాన్ని సమర్థించిన వాళ్ల వాదన కూడా నిజాయతీగా రాసింది. కాగితం నోటీసు బోర్డు మీద ఉంది, తప్పకుండా చదవండి.

మీతో ఒక మాట, నొచ్చుకోకండి. ఆ నవ్వు పిల్లలకు బడిలో అబ్బలేదు. "చదవకపోతే గేదెలు కాసుకుంటావ్, పొలం పనికి పోతావ్" అని మనమే రోజూ బెదిరిస్తున్నాం. పేరెంట్స్ మీటింగులో నా ఎదుటే ముగ్గురు ఆ మాట అన్నారు. దయచేసి మానేయండి. అలాగే రాత్రి పదకొండు దాకా చేతిలో ఫోన్ పెట్టి, పొద్దున టిఫిన్ లేకుండా పంపి, "మార్కులు ఎందుకు తగ్గాయి" అని మమ్మల్ని అడిగితే మేం ఏం చెప్పగలం?

అర్ధ సంవత్సర పరీక్షల టైమ్ టేబుల్ డైరీలో అంటించాం. పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్స్ మొదలయ్యాయి, పిల్లల్ని ఆరున్నరకు గేటు దగ్గర తీసుకెళ్లండి. స్వెట్టర్ల మీద పేర్లు రాయండి.

సంక్రాంతి సెలవుల తర్వాత మినుము పూతకొస్తుంది. అప్పుడు మళ్లీ వెళ్తాం. ఈసారి ముందే చెబుతున్నాను, ఆ రోజు పాత బట్టలు వేసి పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయులు