స్ప్రింగ్ క్లాంపులు ఇక ఇంటికి ఇవ్వను

మన షెడ్డుకు ఏళ్లుగా వస్తున్నవాళ్లకు ఈ మాట నా నోటితోనే చెప్పాలని రాస్తున్నాను. కారు ముందు స్ప్రింగులు ఇంటి దగ్గరే మార్చుకునేవాళ్లకు ఇన్నాళ్లూ ఊరికే ఇస్తూ వచ్చిన, స్ప్రింగును నొక్కి పట్టే క్లాంపుల సెట్టు ఇక ఇవ్వను. పోయిన నెల ఒక పెద్ద ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. అందులో తప్పు చాలావరకు నాది.

మనవాళ్లలో ఒకాయన, చేతిపని బాగా తెలిసిన మనిషి, ముందు ఎడమవైపు స్ప్రింగు విరిగిందని వచ్చి క్లాంపులు తీసుకెళ్లారు. కారు కింద స్టాండ్లు పెట్టి, స్ట్రట్ మొత్తాన్ని, అంటే స్ప్రింగు, కుదుపులు ఆపే షాకప్ కలిసి ఉన్న భాగాన్ని, పద్ధతిగానే దించారు. స్ప్రింగుకు చెరో పక్కన ఒక క్లాంపు తగిలించి, దీన్ని కాసేపు, దాన్ని కాసేపు బిగిస్తూ వచ్చారు. సగానికి వచ్చేసరికి స్ప్రింగు ఒక పక్కకు వంగింది. సరిచేద్దామని రెండో క్లాంపు ఇంకాస్త బిగించగానే ఒక కొక్కెం చుట్టు మీద నుంచి జారిపోయింది. క్లాంపు ఎగిరి వెళ్లి కారు తలుపుకు తగిలితే రేకు లోపలికి పోయింది. ఆయన స్ట్రట్‌కు ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నారు కాబట్టి దెబ్బ తగల్లేదు.

క్లాంపు కొక్కెం చుట్టును వదిలి జారకుండా దానికి అడ్డంగా ఒక పిన్ను ఉంటుంది. జారిన కొక్కేనికి ఆ పిన్ను లేదు. అది పోయిందని నాకు ముందే తెలుసు. షెడ్డులో మేం స్ట్రట్లు విప్పేది నేలకు బిగించిన పెద్ద కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టే యంత్రం) మీద కాబట్టి ఈ క్లాంపుల అవసరం మాకు పడదు. రేపు వేయిద్దాం, ఎల్లుండి వేయిద్దాం అనుకుంటూ వదిలేశాను. ఆయన అడిగిన రోజు షెడ్డు నిండా బళ్లున్నాయి. పెట్టె తీసి చేతిలో పెట్టానే గానీ, తెరిచి చూపించలేదు. ఆయన తలుపు రేకు నేనే సొంత ఖర్చుతో చేయించి ఇచ్చాను. అంతటితో తీరిపోయిందని నేను అనుకోవడం లేదు.

కారు ముందు స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి సుమారు రెండు మూడు కిలోల బరువు కావాలి. స్ట్రట్ విప్పడానికి 100 మిల్లీమీటర్లు నొక్కామంటే ఆ రెండు క్లాంపులూ కలిసి 200 నుంచి 300 కిలోల బలాన్ని పట్టుకుని ఉన్నట్టు. పాత క్లాంపు మర ఎండిపోయి ఉంటే, పైగా దాన్ని ఎయిర్ గన్నుతో బిగిస్తే, మర వేడెక్కి పట్టేస్తుంది. అప్పుడు ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మీ ఒళ్లో 300 కిలోల బలం బిగిసి కూర్చుంటుంది. అలాంటి సామాను మనిషికి ఇచ్చేటప్పుడు పెట్టె తెరిచి చూడాల్సింది నేను.

ఇక ఆపేయాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. నేను ఈ పని నేర్చుకున్నది అరువు పనిముట్లతోనే. నా సొంత కారు కింద పడుకుని నేర్చుకున్నాను. ఒక పెద్దాయన తన పానాలు ఇవ్వకపోతే ఈ షెడ్డే లేదు. అందుకే ఎవరైనా 'నేనే చేసుకుంటాను, పనిముట్టు ఇవ్వండి' అంటే నాకు సంతోషంగా ఉండేది. ఆ పని నాకు రాకుండా పోతుందన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. మంచి సెట్టు కొని, ఇచ్చేముందు ప్రతిసారీ నేనే చూసి ఇద్దామా అనుకున్నాను. షెడ్డులో ఒకసారి వాడి చూపించి ఇద్దామనీ అనుకున్నాను. కాగితం మీద సంతకం పెట్టించుకోమని ఒకరు సలహా ఇచ్చారు. కాగితం నన్ను కాపాడుతుందేమో, స్ప్రింగు ముందు కూర్చున్న మనిషిని కాపాడదు కదా.

అయినా కొత్త సెట్టు తెప్పించాను. దాని గురించి చెప్పకుండా ఉండలేను. ఎన్నో ఏళ్లుగా సామాను తెచ్చుకుంటున్న సప్లయర్ దగ్గరే ఆర్డర్ పెట్టాను. పెట్టె విప్పితే ఒక క్లాంపు కొక్కేలు సన్న చుట్టుకు సరిపోయేవి, రెండోదానివి లావు చుట్టుకు సరిపోయేవి. ఒకే పెట్టె, ఒకే సెట్టు, రెండు రకాల కొక్కేలు! అలాంటిది వాడితే ఒక పక్క గట్టిగా పట్టుకుంటుంది, ఇంకో పక్క వదులుగా ఊగుతుంది. స్ప్రింగు వంకర పోయేది అలాగే. ఫోన్ చేసి అడిగితే, ఇన్ని అమ్మాం ఎవరూ ఏమీ అనలేదు, వాడటం తెలియాలి అన్నాడు. ఇన్నేళ్లుగా స్ట్రట్లు విప్పి బిగిస్తున్న నాకు వాడటం తెలియాలట! తప్పు సెట్టు పంపామని ఒక్క మాట అని ఉంటే అక్కడితో మర్చిపోయేవాణ్ణి. ఆ పెట్టె వెనక్కి పంపేశాను. స్ప్రింగులు, షాకప్‌లు కూడా ఇక అతని దగ్గర కొనను. వేరేచోటు నుంచి వస్తున్నాయి కాబట్టి ఈ నెల కొన్ని బళ్లకు స్ప్రింగులు రావడం ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతోంది. దానికి మాత్రం మీరు ఓపిక పట్టాలి.

లేబర్ డబ్బుల కోసమే క్లాంపులు ఆపేశానని ఒకరిద్దరు అన్నారని తెలిసింది. బాధేసింది. అలా అనుకునేవాళ్లు కిందిది చదివి ఒక నిర్ణయానికి రండి.

ఇంట్లో చేసుకోవద్దని నేను అనడం లేదు. చాలా చిన్న కార్లలో వెనక స్ప్రింగు, షాకప్ వేర్వేరుగా ఉంటాయి. ఇరుసును జాకీ మీద నిలబెట్టి, షాకప్ కింది బోల్టులు తీసి, మెల్లగా దించితే స్ప్రింగు వదులై చేతికి వచ్చేస్తుంది. క్లాంపు అవసరమే పడదు. బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు లాగకుండా చూసుకుంటే చాలు. అది హాయిగా ఇంట్లో చేసుకోండి, సందేహం వస్తే ఫోన్ చేయండి. ముందు స్ట్రట్ కథ వేరు. అందులో స్ప్రింగు కారు నుంచి దించాక కూడా నొక్కుకునే ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేది పైన మధ్యలో ఉన్న ఒక్క నట్టు. స్ప్రింగును నొక్కి పట్టకుండా ఆ నట్టు తీయడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. చాలా కార్లలో స్ట్రట్ దించాలంటే పైన ఆ మధ్య నట్టు చుట్టూ ఉన్న చిన్న నట్లు తీయాలి, మధ్య నట్టు ముట్టుకోకూడదు.

అందుకని ఇప్పుడు చేస్తున్నది ఇది. మీరు ఇంట్లో స్ట్రట్ మొత్తంగా దించి షెడ్డుకు తీసుకురండి. మా కంప్రెసర్ మీద పాత స్ప్రింగు తీసి కొత్తది ఎక్కించి, చుట్టు కొస కింది గిన్నెలోని గాడికి ఆనిందో లేదో చూసి, మధ్య నట్టు కొత్తది వేసి టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానా) బిగించి ఇస్తాం. తీసుకెళ్లి మీరే బిగించుకోండి. మన పాతవాళ్లకు దీనికి లేబర్ తీసుకోను. పక్కన నిలబడి చూస్తానన్నా సంతోషమే, నాకు తెలిసింది చెబుతాను.

ఒక్క స్ప్రింగు మార్చమంటే మాత్రం మార్చను. ఒకటి విరిగినా ఆ ఇరుసుకు రెండూ మార్చాల్సిందే. కొత్తది, కుంగిన పాతది పక్కపక్కన ఉంటే బండి ఒక వైపుకు వాలుతుంది. ఈ విషయంలో నాతో చాలామంది వాదించారు, ఇకముందూ వాదిస్తారు. నేను మారను. స్ట్రట్ బిగించుకున్నాక అలైన్‌మెంట్ చేయించండి, మన దగ్గరే కానక్కర్లేదు. రబ్బరు బుష్షులున్న బోల్టులు బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరిగా బిగించండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

పాత క్లాంపుల కొక్కేలు గ్రైండర్‌తో కోసేశాను, పొరపాటున కూడా ఇంకెవరి చేతికీ వెళ్లవు.

స్ట్రట్లు తెచ్చేటప్పుడు ఎడమ, కుడి అని రంగుతో గుర్తు పెట్టండి. దించకముందే రెండు వైపులా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకుని తెస్తే నాకు సగం పని తగ్గుతుంది.