తరగతులు నడిచే రోజుల్లో కాలేజీలు చూపించండి

సంపాదకులకు,

అయ్యా,

ఇంజినీరింగ్ ప్రవేశాల కౌన్సెలింగ్ దగ్గరపడగానే, ఇంటర్ పూర్తిచేసిన పిల్లలను వెంటబెట్టుకుని తల్లిదండ్రులు ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్, మొయినాబాద్ దారుల్లో కాలేజీ కాలేజీకీ తిరగడం తెలంగాణలో ఏటా చూస్తున్నదే. ఈ ఏడాది ఖమ్మం నుంచి మా అమ్మాయితో కలిసి నేనూ తిరిగాను. ఆ తిరుగుడులో నాకు కనిపించిన ఒక లోపాన్ని, పెద్దగా ఖర్చు లేకుండా సరిదిద్దదగినది కాబట్టి, మీ పత్రిక ద్వారా ఉన్నత విద్యామండలి, ఇంటర్మీడియట్ బోర్డుల దృష్టికి తేదలచాను. మనం కాలేజీలు చూడడానికి వెళ్లే కాలంలో అక్కడ కాలేజీ నడవదు.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ మే నెలలో జరుగుతుంది. ర్యాంకులు వచ్చాక ధ్రువపత్రాల పరిశీలనకు స్లాట్ బుక్ చేసుకోవడం, వెబ్ ఆప్షన్లు (కోరుకునే కాలేజీలు, బ్రాంచీల వరుస) పెట్టుకోవడం, వాటిని ఫ్రీజ్ చేయడం ఎక్కువ భాగం వేసవి చివరి నుంచి జులై దాకా సాగుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలేజీల్లో ఇప్పటికే చదువుతున్న విద్యార్థులు చాలావరకు సెమిస్టర్ పరీక్షల్లోనో, పరీక్షలు ముగించుకుని సొంత ఊళ్లలోనో ఉంటారు. తరగతి గదులకు తాళాలు, ప్రయోగశాలలకు తాళాలు, హాస్టల్ ఖాళీ. నిండుగా పనిచేసే విభాగం ఒక్కటే ఉంటుంది, అది అడ్మిషన్ల విభాగం.

మేము వెళ్లిన ఒక కాలేజీలో మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్ల సీసాలు ఇచ్చి, రంగుల బ్రోచర్ చేతికిచ్చారు. గోడ నిండా ఫ్లెక్సీలు, వాటి మీద పెద్ద ప్యాకేజీలు వచ్చిన పిల్లల ఫొటోలు. మర్యాదకు వంక పెట్టడానికి లేదు. మా అమ్మాయికి ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) మీద ఇష్టం. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూడాలని అడిగితే ఇన్‌ఛార్జి సెలవులో ఉన్నారన్నారు. పట్టుబడితే ఒక అటెండర్ తాళాల గుత్తి తెచ్చి తలుపు తీశాడు. బల్లల మీద ఆసిలోస్కోపులు (విద్యుత్ తరంగాలను తెర మీద చూపే పరికరాలు) ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని వరసగా ఉన్నాయి. ఒక కవరు ఎత్తి చూస్తే, ప్రోబ్ తీగకు చుట్టిన రబ్బరు బ్యాండు ఎండిపోయి తీగకే అతుక్కుని కనిపించింది. అది సెలవుల ఎండకు అలా అయిందో, ఏడాది పొడవునా దాన్ని ఎవరూ విప్పలేదో చెప్పే మనిషి అక్కడ లేడు. ఒక్కో పరికరం దగ్గర ఎంతమంది ప్రాక్టికల్ చేస్తారని మా అమ్మాయి అడిగితే, "అది సార్లకు తెలుస్తుందమ్మా" అన్నాడు అటెండర్. పాపం, అది ఆయన చెప్పవలసిన జవాబు కాదు.

అమ్మాయిల హాస్టల్ చూపించమంటే వార్డెన్ ఊరెళ్లారని, కావాలంటే గదుల ఫొటోలు వాట్సాప్‌లో పంపుతామని అన్నారు. ఆడపిల్లను నాలుగేళ్లు ఉంచబోయే చోట ఉదయం ఏడింటికి కుళాయిలో నీళ్లు వస్తాయో లేదో, బాత్‌రూముల తలుపులకు గడియలు సరిగ్గా పడతాయో లేదో, రాత్రి ఆలస్యంగా వచ్చిన పిల్లకు మెస్‌లో ఏం మిగులుతుందో ఫొటోలో కనిపించదు. ఆ రోజు మాకు నిజంగా పనికివచ్చిన సమాచారం గేటు బయట టీ కొట్టు దగ్గర దొరికింది. సప్లిమెంటరీ పరీక్ష రాసి వస్తున్న ఇద్దరు అబ్బాయిలు, సిలబస్‌లోని ప్రయోగాల్లో ఏవి తమ చేతులతో చేశారో, ఏవి సీనియర్ల రికార్డు చూసి రాసుకుని సంతకం పెట్టించుకున్నారో, ఏ సార్ పాఠం చెబితే వెనక బెంచీలు కూడా నిండుతాయో దాపరికం లేకుండా చెప్పారు. వాళ్లు కాలేజీని తిట్టలేదు, పొగడలేదు. ఆ ఇద్దరూ ఆ పూట తటస్థపడకపోతే మాకు మిగిలేవి బ్రోచర్, నీళ్ల సీసా మాత్రమే.

కాగితం మీద దొరికే సమాచారానికి ఇంత దూరం రానవసరం లేదని ఎవరైనా అనవచ్చు. నిజమే, అది ఇంట్లో కూర్చునే చూడవచ్చు, చూడాలి కూడా. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చే గ్రేడు కాలేజీ మొత్తానికి వర్తిస్తుంది గాని, సాంకేతిక కోర్సులను మదింపు చేసే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి బ్రాంచికీ విడిగా, మూడేళ్లకో ఆరేళ్లకో ఇస్తారు. కంప్యూటర్ సైన్స్‌కు వచ్చిన గుర్తింపును ఫ్లెక్సీ మీద కాలేజీ మొత్తానికి వచ్చినట్లు రాసుకుంటే ఈసీఈలో చేరే పిల్లకు ఒరిగేదేమీ లేదు. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి వెలువరిస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుల్లో పాల్గొనే కాలేజీలు, ఉద్యోగాలు వచ్చినవారి సంఖ్యతోపాటు వారి మధ్యస్థ వేతనాన్ని కూడా తెలియజేయాలి. ఫ్లెక్సీ మీద కనిపించే అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది, మధ్యస్థ వేతనం (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే మొత్తం) ఉద్యోగాలు వచ్చినవారందరి పరిస్థితిని చెబుతుంది. ఇవన్నీ కాగితం చెప్పగలిగినవి. కాని 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్న, దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన కాగితం మీద అమలైనా, ఆ అధ్యాపకుడు తరగతిలో ఉన్నాడో లేదో తలుపు తీసి చూస్తేనే తెలుస్తుంది. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు బ్రాంచీల్లో సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తివేసింది కాబట్టి, కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరిగిన చోట గదులూ కంప్యూటర్లూ పాఠం చెప్పేవారూ అదే లెక్కన పెరిగారా అన్న ప్రశ్న ఇప్పుడు మరింత అవసరం.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ సందర్శనల్లో ప్రశ్న అడిగేది పిల్ల, చదవబోయేదీ పిల్లే, జవాబు మాత్రం తల్లి ముఖమో తండ్రి ముఖమో చూసి చెబుతారు. ఈసీఈ గురించి మా అమ్మాయి అడుగుతుంటే, ఆ కాలేజీ పీఆర్వో (ప్రజాసంబంధాల అధికారి) నా వైపు తిరిగి, "ఈసీఈ ఎందుకు మేడమ్, సీఎస్ఈ ఏఐఎంఎల్‌లో బి-కేటగిరీ సీట్లు కొన్నే మిగిలాయి, ఈ రోజే అడ్వాన్సు కడితే పేరు రాసి ఉంచుతాం" అన్నారు. రసీదు ఇస్తారా అని అడిగేసరికి మాట మార్చారు. ర్యాంకుల ప్రకారం కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటా 70 శాతం, బి-కేటగిరీ అనే యాజమాన్య కోటా 30 శాతం అన్న లెక్క అందరికీ తెలిసినదే. సీటు కోసం నిర్ణీత ఫీజుకు మించి గుంజే క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం 1983లోనే వచ్చింది. అయినా మూతపడిన క్యాంపస్‌లో, మరో సాక్షి లేని గదిలో ఈ బేరాలు ఎలా సాగుతాయో తిరిగినవారికి తెలుసు. విద్యార్థులతో కళకళలాడే రోజున అదే మాట అంత ధీమాగా అనడం కష్టం.

అందుకే నా కోరిక ఇది. ఇంటర్ రెండో ఏడాది చదివే పిల్లల కోసం ఆగస్టు, నవంబరు నెలల మధ్య, ఇంజినీరింగ్ తరగతులు మామూలుగా నడిచే రోజుల్లో, రెండు శనివారాలను కాలేజీ సందర్శన దినాలుగా విద్యామండలి ప్రకటించాలి. ఆ రోజుల్లో ప్రయోగశాలలు, గ్రంథాలయం, హాస్టల్, మెస్ తెరిచి ఉంచాలని, అడ్మిషన్ల సిబ్బందికి బదులు రెండో, మూడో ఏడాది విద్యార్థులే చూపించాలని విశ్వవిద్యాలయాలు అఫిలియేషన్ షరతుల్లో చేర్చాలి. ఇంటర్ బోర్డు ఆ తేదీలను తన వార్షిక క్యాలెండరులో సెలవులుగా చూపాలి. (క్యాలెండరులో ఉన్న సెలవులనే ఇవ్వని రెసిడెన్షియల్ కాలేజీల సంగతి బోర్డుకు తెలియనిది కాదు. ఆదివారం కూడా టెస్టు పెట్టేవారిని ఈ రెండు రోజులకైనా కట్టడి చేయకపోతే ఈ ఏర్పాటు కాగితం దాటదు.)

జనం పోటెత్తితే క్రమశిక్షణ దెబ్బతింటుందని యాజమాన్యాలు అనవచ్చు. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ స్థాపన దినమైన సెప్టెంబరు 26 సందర్భంగా, దాని కింద ఉన్న హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ బడిపిల్లలకు తలుపులు తెరుస్తుంది. పిల్లలు వరసల్లో నిలబడి మైక్రోస్కోపుల్లోకి తొంగి చూసి వస్తారు, అక్కడి పరిశోధనకు ఏ నష్టమూ జరగలేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత పొందిన పిల్లలకు ఆప్షన్లు పెట్టుకునే ముందు తమ క్యాంపస్‌ను చూపే ఐఐటీలు కూడా ఉన్నాయి. ర్యాంకు బాగా వచ్చిన పిల్లకు దక్కే ఈ సౌకర్యం, సొమ్ము కట్టి చేరే మధ్యతరగతి పిల్లకు ఎందుకు దక్కకూడదు?

ఆదిలాబాద్ నుంచో భద్రాచలం నుంచో కూలి మానుకుని వచ్చే తండ్రికి ప్రయాణమే భారమన్నది కాదనలేను. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో తల్లికీ కూతురికీ టికెట్ లేదు గనుక, ఇక ముందు కాలేజీ చూసే బాధ్యత మా వంటి తల్లుల మీదే ఎక్కువ పడవచ్చు, దానికి మేము సిద్ధమే. తేదీ ముందే తెలిస్తే ఒకే ప్రయాణంలో ఒకే దారిలోని కాలేజీలు చూసి రావచ్చు.

అన్ని కాలేజీలకూ ఒకేసారి దీన్ని వర్తింపజేయడం కష్టమని మండలి భావిస్తే, ముందుగా విశ్వవిద్యాలయాల సొంత కాలేజీల్లో మొదలుపెట్టవచ్చు. కూకట్‌పల్లి, జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్‌లలోని జేఎన్‌టీయూ కాలేజీల్లోనూ, 1929లో ఏర్పడిన ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలోనూ యాజమాన్య కోటా బేరాలు లేవు, అనుమతికి ఎవరి కాళ్లూ పట్టుకోనవసరం లేదు. వచ్చే ఆగస్టులోనే ఆ పని చేస్తే, ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడాది చదువుతున్న పిల్లలు ఆప్షన్లు పెట్టే నాటికి కనీసం ఆ కాలేజీలనైనా తరగతులు జరుగుతుండగా చూసి ఉంటారు.

భవదీయురాలు,
ఒక విద్యార్థిని తల్లి,
ఖమ్మం