చీమకుర్తి మిత్రుడికి ఒక ఉత్తరం

మూలాపేట, నెల్లూరు
కార్తీక మాసం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం సోమవారం అందింది. చెల్లెమ్మ, అంటే నీ భార్య, పోయాక పిల్లలతో ఒంటరిగా ఉన్న నిన్ను ఇంటి యజమాని నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడనీ, పిల్లలిద్దరినీ కొండపిలో మీ అత్తగారింట దింపి నువ్వు గ్రానైట్ ఫ్యాక్టరీ షెడ్డులోనే పడుకుందామనుకుంటున్నావనీ రాశావు. ఆ మాట చదివిన దగ్గర నుంచి నా మనసు మనసులో లేదు. రెండేళ్ల కిందట నా భార్య, అదే నువ్వు చెల్లెలని పిలిచే మనిషి, పోయినప్పుడు నేనూ సరిగ్గా ఇదే ఆలోచన చేశాను కనుక, ఆ పని మాత్రం చేయవద్దని ముందుగా చెప్పి, బదులుగా ఏమేమి చేయవచ్చో తీరుబడిగా రాస్తున్నాను. పొడుగైన ఉత్తరమే, కానీ రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక్కసారి పూర్తిగా చదువు.

మన దగ్గర పథకాలలో ఇల్లు, స్థలం, బియ్యం కార్డు, పిల్లల చదువుల డబ్బు, అన్నీ ఇల్లాలి పేరు మీదే మొదలవుతాయి. దాన్ని నేను తప్పుపట్టను. మగవాడి పేరున ఉన్న స్థలం తాగుడుకో అప్పుకో కరిగిపోయిన ఇళ్లను నువ్వూ నేనూ చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. అయితే ఇల్లాలు లేని ఇంటి సంగతి కూడా చాలా నిబంధనల్లో రాసే ఉంది, కాకపోతే అది రెండో వాక్యంలో ఉంటుంది. కౌంటరు దగ్గర కూర్చున్నవారు మొదటి వాక్యం చెప్పి "మీకు రాదండీ" అంటారు, మనం తలవంచుకుని వచ్చేస్తాం. నేను అలా మూడుసార్లు వచ్చేశాను. నాలుగోసారి ఆ రెండో వాక్యం ఏమిటో తెలుసుకుని వెళ్లాను.

ఉదాహరణకు బియ్యం కార్డు చూడు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం, పద్ధెనిమిదేళ్లు నిండిన స్త్రీలలో పెద్దావిడే కార్డుకు కుటుంబ పెద్ద. అదే సెక్షనులో, అలాంటి స్త్రీ లేని ఇంట్లో పెద్ద మగవాడు కుటుంబ పెద్దగా ఉంటాడనీ, ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఆమెకు పద్ధెనిమిది నిండగానే ఆ స్థానం ఆమెకు వస్తుందనీ కూడా ఉంది. మీ అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. మరో తొమ్మిదేళ్లు ఆ చోటు నువ్వు ఆమె కోసం కాపాడుతున్నావన్నమాట. కాబట్టి ముందుగా మీ ఊరి సచివాలయానికి వెళ్లి, మరణ ధ్రువీకరణ పత్రం చూపించి, చెల్లెమ్మ పేరు కార్డులోంచీ సచివాలయంలో ఉండే కుటుంబ వివరాల నమోదు, అదే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లోంచీ తీయించు. ఆ పేరు తీయమని అడిగేటప్పుడు గొంతు పూడుకుపోతుంది, నాకు తెలుసు. అయినా అది మొదటి పని. ఆ పేరు అక్కడ ఉన్నంత కాలం డబ్బు ఏది వచ్చినా మూసుకుపోయిన ఖాతా వైపే వెళుతుంది.

ఇక నువ్వు పూర్తిగా మరిచిపోయిన సంగతి ఒకటి ఉంది. చెల్లెమ్మ పేరున మీ ఊరి కాలనీలో సెంటున్నర స్థలం ఇచ్చారు కదా, పునాది దాకా వేసి ఆపేశారు కదా? "ఆమె పోయింది, పట్టా కూడా పోయినట్టే" అని కిందటిసారి నువ్వన్నావు. అది పొరపాటు. వీలునామా రాయని హిందూ స్త్రీ ఆస్తి మొదట ఆమె పిల్లలకూ భర్తకూ చెందుతుందని వారసత్వ చట్టం 15వ సెక్షను చెబుతోంది. మీరు ముగ్గురూ ఉండగా ఇంకెవరికీ అందులో మాట లేదు. తహసీల్దారు కార్యాలయం నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని, లబ్ధిదారు పేరు వారసుడిగా నీ పేరుకు మార్చమని అర్జీ పెట్టు, ఒక నకలు మండల హౌసింగ్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారికి ఇవ్వు. ఆగిపోయిన ఇళ్లకు, ఇదివరకటి లక్షా 80 వేలు కాక, ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ఇస్తామని ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించింది, దాని గురించి కూడా అక్కడే అడుగు. పిల్లల వాటా మాత్రం మైనర్ల ఆస్తి. తండ్రివైనా కోర్టు అనుమతి లేకుండా దాన్ని అమ్మడానికి నీకు హక్కు లేదు. ఎవరైనా "రెండు లక్షలిస్తాను, సంతకం పెట్టు" అని వస్తే ఆ మాటే చెప్పి పంపించు.

ఒకవేళ ఎవరైనా "ఆడవాళ్ల పేరునైతేనే ఇల్లు" అని అడ్డుపడితే, ప్రధానమంత్రి ఆవాస్ యోజన నిబంధనలు గుర్తుచెయ్యి. పట్టణాల పథకంలో, కుటుంబంలో పెద్ద వయసు స్త్రీ ఎవరూ లేనప్పుడు ఇల్లు మగవాడి పేరున ఉండవచ్చని స్పష్టంగా ఉంది. గ్రామీణ పథకంలోనూ భార్యాభర్తల ఉమ్మడి పేరు అనే నియమం నుంచి జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారికి మినహాయింపు ఉంది.

ఇప్పుడు చెల్లెమ్మ బ్యాంకు పాస్‌బుక్కు తీసి చూడు. ఇది నేను ఎవరికైనా మొట్టమొదట చెప్పే సలహా. మీ చెల్లెలు పోయిన ఏడు నెలలకు, బీరువాలో చీరల అడుగున ఆమె డ్వాక్రా పాస్‌బుక్కు దొరికింది. పేజీలు పసుపు మరకలతో అంటుకుపోయి ఉన్నాయి. విడదీసి, ఒక్కో పంక్తి మీద వేలు పెట్టి చదువుతుంటే మే నెలాఖరు తేదీ పక్కన 436 రూపాయలు తగ్గినట్టు అచ్చయి ఉంది. అది ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమా. గ్రూపు అప్పు తీసుకున్న రోజు సంతకం పెట్టి ఉంటుంది, నాతో ఎప్పుడూ అనలేదు. ఏ కారణంతో చనిపోయినా నామినీకి రెండు లక్షలు వచ్చే బీమా అది. జూన్ 1 నుంచి మరుసటి మే 31 దాకా వర్తిస్తుంది. క్లెయిము వీలైనంత త్వరగా ఇవ్వమంటారు, కానీ ఆలస్యమైందని నువ్వు వదులుకోవద్దు, నాది ఏడు నెలల తరువాత కూడా తీసుకున్నారు. చెల్లెమ్మ పోయింది మాఘంలో కనుక, అంతకు ముందటి మే నెల పంక్తి చూడాలి. దాని పక్కనే 20 రూపాయల కోత కూడా ఉంటే అది ప్రమాద బీమా, మీ విషయంలో అది వర్తించదు. గ్రూపులో ఆమె పొదుపు ఎంత ఉందో కూడా లీడరు దగ్గర అడిగి లెక్క తీసుకో.

అమ్మాయి బడి డబ్బుల గురించి అడిగావు. తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు ఏడాదికి 15 వేలు, అందులో 2 వేలు బడి నిర్వహణకు పోగా 13 వేలు ఖాతాలో పడతాయి. పేరులో తల్లి ఉన్నా, తల్లి లేని బిడ్డకు సంరక్షకుడి ఖాతాలో వేసే వీలు ఉంది. నీ ఖాతాకు ఆధార్‌తో ఎన్‌పీసీఐ లింకు, అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా పడే ఏర్పాటు, ఉందో లేదో చూసుకుని, ప్రధానోపాధ్యాయులకూ సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంటుకూ అర్జీ ఇవ్వు. హాజరు 75 శాతం కన్నా తగ్గకూడదు. పిల్లలను కొండపికి పంపవద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం, బడి మారితే హాజరు, పేరు, ఖాతా అన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

కష్టంలో ఉన్న పిల్లలకు నెలనెలా సాయం చేసే మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ గురించి నీకెవరో చెప్పారని రాశావు. బిడ్డకు నెలకు 4 వేలు ఇచ్చే మాట నిజమే. వితంతువులైన, విడిపోయిన తల్లుల పిల్లలను అందులో పేరుపెట్టి చెప్పారు, తండ్రులను అలా చెప్పలేదు. తల్లిదండ్రులు ఆర్థికంగా, శారీరకంగా పిల్లలను చూసుకోలేని స్థితి అనే కోవలోనే మనవాళ్లు అడగాలి. కానీ పల్లెల్లో ఏడాది ఆదాయం 72 వేలు దాటకూడదు. నీకు నెలకు తొమ్మిది వేలు వస్తున్నాయి కనుక అది నీకు కుదరదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. క్వారీలో దెబ్బతగిలి పనికి పోలేకపోతున్నాడని చెప్పావే, మీ పక్కింటాయన, ఆయనకు మాత్రం తప్పక చెప్పు. ఒంగోలులో జిల్లా బాలల సంరక్షణ విభాగం వారిని కలవాలి, లేదా పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోను చేస్తే దారి చెబుతారు.

పింఛను విషయం రాయడానికి నాకు బాధగా ఉంది. మన రాష్ట్రంలో వితంతువులకూ ఒంటరి మహిళలకూ నెలకు 4 వేలు ఇస్తారు. భార్య పోయిన మగవాడికి, చంకలో బిడ్డ ఉన్నా, ఆ జాబితాలో చోటు లేదు. వితంతు పింఛను తగ్గించమని నేను ఎన్నడూ అనను, మా నాయన పోయాక మా అమ్మ మమ్మల్ని సాకింది ఆ డబ్బుతోనే. నా బాధంతా బిడ్డల గురించి. తల్లి పోయిన బిడ్డకు తండ్రి పోయిన బిడ్డకన్నా ఆకలి తక్కువ కాదు కదా! హర్యానాలో 2023లో, నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఉండి భార్యను పోగొట్టుకున్న తక్కువ ఆదాయం వారికి నెలకు 2,750 రూపాయల పింఛను ప్రకటించారు. మన ప్రభుత్వం కూడా 2022లో, ఒంటరి తండ్రులైన తన ఉద్యోగులకు స్త్రీలతో సమానంగా 180 రోజుల శిశు సంరక్షణ సెలవు ఇచ్చింది. ఉద్యోగికి ఉన్న కష్టం పాలిషింగ్ కూలీకి లేదని ఎవరైనా అనగలరా? జాతీయ కుటుంబ ప్రయోజన పథకం మార్గదర్శకాల్లో, ఇంటిని పోషించే మనిషి పోతే ఇచ్చే 20 వేల సాయానికి, ఇంటిపట్టున ఉండే గృహిణిని కూడా పోషించే మనిషిగానే లెక్కించారు. అది చదివిన రోజు నేను మిల్లు గుమాస్తా కుర్చీలో కూర్చుని చాలాసేపు కళ్లు తుడుచుకున్నాను. తహసీల్దారు దగ్గర ఆ మాట కూడా ఎత్తు.

అద్దె ఇల్లే అన్నిటికన్నా ముందు తేలాలి. నేను వేదాయపాళెం నుంచి మూలాపేట దాకా పదకొండు ఇళ్లు అడిగాను. ఒకచోట యజమానురాలు గుమ్మంలోనే నిలబెట్టి, "ఇంట్లో ఆడమనిషి ఎవరుంటారు?" అంది. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని, "నేనున్నాను కదండీ" అంది. ఆవిడ బదులు చెప్పకుండా తలుపు దగ్గరగా వేసింది. పదకొండో ఇంట్లో పైన ఉండే ముసలామె మాత్రం పాప బడి సంచి చూసి, ఏ తరగతి అని అడిగి, "రెండు నెలల అడ్వాన్సు ఇవ్వు నాయనా" అంది. అందుకని నువ్వూ ఒంటరిగా వెళ్లి అడగవద్దు, పిల్లలను వెంటబెట్టుకుని సాయంత్రం పూట వెళ్లు. ఫ్యాక్టరీ మేనేజరు నుంచి జీతం కాగితం రాయించుకుని జేబులో పెట్టుకో. పదకొండు నెలల అగ్రిమెంటు స్టాంపు కాగితం మీద రాయించుకో, నోటిమాటగా ఉండిపోతే ఇప్పటిలాగే నెలాఖరు గడువు మీద పడుతుంది. ఇల్లు బడికి దగ్గరైతే వంద రూపాయలు ఎక్కువైనా ఒప్పుకో. చిన్నవాణ్ణి అంగన్‌వాడీలో దింపి, వాడు వచ్చేవేళకు పక్కింటివారిలో ఒకరిని మాట్లాడుకుంటే, నువ్వు సగం రోజులు పని మానుకోవలసిన అవసరం ఉండదు.

మొహర్రం రోజుల్లో రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు వెళ్లాను. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నీ పేరు తలుచుకుని సొంతింటి రొట్టె అడిగాను. కావలి నుంచి వచ్చానన్న ఒక పెద్దాయన తడి చేత్తో రొట్టె తుంచి నా చేతిలో పెట్టి, తినమన్నాడు. ఇల్లు ఎవరి పేరున అని ఆయన అడగలేదు. కోరిక తీరాక, వచ్చే ఏడు ఆ రొట్టె తిరిగి ఇవ్వడానికి నువ్వే రావాలి, పిల్లలనూ తీసుకురావాలి.

సోమవారం మిల్లుకు సెలవు పెట్టాను. ఒంగోలు కలెక్టరేటులో ఆ రోజు ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, పట్టా అర్జీ అక్కడ కూడా ఒకటి ఇద్దాం. పొద్దున బండికి దిగి స్టేషను బయట టీ బంకు దగ్గర ఉంటాను. మరణ ధ్రువీకరణ పత్రం, పట్టా, బియ్యం కార్డు, చెల్లెమ్మదితో కలిపి నలుగురి ఆధార్ కార్డులు, రెండేసి జిరాక్సులు తీసుకురా. చెల్లెమ్మ పాస్‌బుక్కు మరిచిపోవద్దు. పిల్లలకు బడి మాన్పించకు, మధ్యాహ్నం బడి వదిలేలోపు నిన్ను చీమకుర్తి బస్సు ఎక్కిస్తాను.

నీ మిత్రుడు