లెవుకా పైకప్పులు, నుకులావు దీవి: ఫిజీలో ఏది కాపాడాలి, ఎలా?

సంపాదకులకు,

ఏటా మే 14 దగ్గర పడేసరికి ఫిజీ గిర్మిటియాల గురించి, అంటే ఒప్పందం మీద అక్కడి తోటల్లో పనికి వెళ్ళిన భారతీయ కూలీల గురించి, తెలుగులో వ్యాసాలు, ప్రసంగాలు వస్తుంటాయి. 2023 నుంచి ఫిజీలో గిర్మిట్ దినానికి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు కాబట్టి ఆ ఆసక్తి ఇంకా పెరిగింది. మంచిదే. కానీ ఆ వ్యాసాల్లో ‘మన తెలుగువాళ్ళు లెవుకా రేవులో దిగారు’ అనే మాట తరచూ కనిపిస్తోంది. అది సరికాదు. ఫిజీ పాత రాజధాని లెవుకాకు వచ్చింది ఆ కూలీల మొదటి ఓడ లియొనిడాస్. కలకత్తాలో 1879 మార్చి 3న బయలుదేరి మే 14న చేరింది. ఓడలో కలరా, మశూచి ఉండడంతో వచ్చినవాళ్ళను లెవుకాకు దగ్గర్లోని యనుకా లైలై దీవిలో విడిగా ఉంచారు. మద్రాసు రేవు నుంచి ఓడలు మొదలైంది 1903లో. అప్పటికి రాజధాని సువాకు మారి ఇరవై ఏళ్ళు దాటింది. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్ళు దిగింది సువాకు ఎదురుగా ఉన్న నుకులావు దీవిలో. 1916లో ఓడలు ఆగేదాకా ఫిజీకి వెళ్ళిన అరవై వేల పైచిలుకు మందిలో సుమారు పదిహేను వేల మంది మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళే.

ఈ తేడా పట్టించుకోవాల్సిన కారణం ఉంది. లెవుకాకు ప్రపంచ వారసత్వ గుర్తింపు ఉంది. నుకులావుకు లేదు. రెండింటికీ కావలసిన పని వేరు. విరాళాలు ఇవ్వాలనుకునే మనవాళ్ళు ఈ సంగతి తెలుసుకుని ఇస్తేనే ఆ డబ్బు అక్కరకొస్తుంది.

ముందు లెవుకా సంగతి. ఒవలావు దీవి తూర్పు ఒడ్డున నిటారు కొండలకూ సముద్రానికీ మధ్య సన్నని పట్టీలా ఉన్న ఊరు ఇది. పెరగడానికి చోటు లేకే రాజధానిని 1882లో సువాకు మార్చారు. అలా మార్చడం వల్లే పాత ఊరు చాలావరకు అలాగే మిగిలింది. 1874 అక్టోబరు 10న ఫిజీని బ్రిటన్‌కు అప్పగించిన ఒప్పందం జరిగింది ఈ ఊరి పక్కనే, నసోవాలో. బీచ్ వీధి పొడవునా వసారాలున్న చెక్క దుకాణాలు, 1868 నాటి మోరిస్ హెడ్‌స్ట్రోమ్ కొట్టు, రాతి గడియార స్తంభం ఉన్న సేక్రెడ్ హార్ట్ చర్చి, 1879లో మొదలైన లెవుకా పబ్లిక్ స్కూలు, కొండ మీదికి 199 మెట్లు: ఇవన్నీ కలిపి 69.6 హెక్టార్ల ప్రాంతాన్ని 2013లో యునెస్కో జాబితాలో చేర్చారు. చుట్టూ మరో 609 హెక్టార్లను రక్షణ వలయంగా గుర్తించారు. ఫిజీకి అదే మొదటి ప్రపంచ వారసత్వ స్థలం.

జాబితాలో పేరు చేరినంత మాత్రాన ఇంటి కప్పు రేకు గాలికి నిలవదు. 2016 ఫిబ్రవరి 20న అయిదో శ్రేణి తుపాను విన్‌స్టన్ ఫిజీని తాకినప్పుడు లెవుకాలోనూ పాత కట్టడాలు దెబ్బతిన్నాయి. ఆ కట్టడాల్లో ఎక్కువ భాగం సొంతదారులవి, అద్దెదారులవి. మరమ్మతు ఖర్చు వాళ్ళదే. ఫిజీలో ఇంటికి తుపాను బీమా దొరకాలంటే ఇంజినీరు ధ్రువపత్రం కావాలి. నూరేళ్ళ చెక్క ఇంటికి ఆ పత్రం తేలిగ్గా రాదు. అది రావాలంటే ఇల్లు బిగించాలి, బిగించడానికి డబ్బు లేదు. చిక్కుముడి అక్కడే పడుతోంది.

చెక్క ఇంటిని గాలి కూల్చే తీరు తెలిస్తే చేయవలసింది కూడా తెలుస్తుంది. గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. చూరు, మూలలు, నడికొప్పు దగ్గర ఆ లాగుడు మధ్య భాగంలో కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. రేకు తన కింది అడ్డపట్టీని, పట్టీ వాసాన్ని, వాసం గోడ మీది దూలాన్ని, దూలం గుంజను, గుంజ పునాదిని పట్టుకుని ఉండాలి. ఈ వరసలో ఎక్కడ పట్టు తక్కువైతే అక్కడే ఊడుతుంది. పాత ఇళ్ళలో వాసాన్ని దూలానికి ఏటవాలుగా కొట్టిన రెండు మేకులే పట్టి ఉంచుతాయి. ఇంటి బరువు మోయడానికి అవి చాలు. పైకి లాగే గాలికి చాలవు. చాలామంది రేకులకు కొత్త స్క్రూలు వేయించి పని అయిపోయిందనుకుంటారు. అప్పుడు రేకు ఊడదు, పట్టీలూ వాసాలూ కలిసి మొత్తం కప్పే లేచిపోతుంది.

అందుకని పని కింది నుంచి పైకి చేయాలి. ప్రతి వాసానికీ దూలం మీదుగా జింకు పూత వేసిన ఇనప పట్టీ చుట్టి, ఒక్కో కొనకు కనీసం నాలుగు మేకులు కొట్టాలి. ఆ పట్టీ లోపలి వైపు, సీలింగు పలకల వెనక రావాలి. బయటి రూపం మారకూడదు, రేపు ఎవరైనా తీసి మార్చడానికీ వీలుండాలి. రేకుల కింది పట్టీలు మధ్యలో 900 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా ఫరవాలేదు, అంచుల దగ్గర 600 దాటనివ్వకూడదు. చూరు, కొప్పు, పక్క అంచుల్లో రేకు ప్రతి వంపు శిఖరానికీ స్క్రూ వేయాలి. మధ్యలో ఒకటి విడిచి ఒకటి సరిపోతుంది. స్క్రూ తల కింద వెడల్పాటి వాషరు తప్పనిసరి. 1974 డిసెంబరులో డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను ధ్వంసం చేసినప్పుడు తేలిన విషయం ఇది: గాలి గంటల తరబడి లాగి వదులుతూ ఉంటే పలచటి రేకు అలసిపోయి, స్క్రూ తల చుట్టూ పగుళ్ళు విచ్చి, స్క్రూ అలాగే ఉండగా రేకు చిరిగిపోతుంది. సముద్రం పక్కన చవకరకం స్క్రూలు కొన్నేళ్ళకే తుప్పుపడతాయి. ఎలక్ట్రోప్లేటింగ్ చేసినవి మెరుస్తున్నాయని కొనకూడదు. కరిగిన జింకులో ముంచి తీసినవి గానీ, ఖర్చు భరించగలిగితే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ కావాలి.

బీచ్ వీధిలో ప్రత్యేకంగా చూడవలసింది వసారా. వసారా కప్పు కింద గాలి ఇరుక్కుని ఎగదోస్తుంది. దాని వాసాలు ఇంటి కప్పు వాసాలకు కొనసాగింపుగా ఉంటే, వసారా లేచేటప్పుడు ఇంటి కప్పునూ లాక్కుపోతుంది. విడిగా కట్టి ఉంటే నష్టం వసారాతో ఆగుతుంది. కిటికీ తలుపుల సంగతీ అంతే. గాలివైపు ఒక్క కిటికీ పగిలినా లోపలి నుంచి తోసే ఒత్తిడి బయటి లాగుడికి తోడవుతుంది. పాతకాలపు చెక్క తలుపులు తీసేసి అల్యూమినియం చట్రాల్లో అద్దాలు పెట్టడం ఊరి రూపానికే కాదు, కప్పుకూ చేటు. హుద్‌హుద్ (2014 అక్టోబరు 12) తరవాత విశాఖలో కప్పులు పరిశీలించినవాళ్ళకు ఈ లక్షణాలన్నీ పరిచయమే.

తుపాను కంటే నెమ్మదిగా, అంతకంటే గట్టిగా దెబ్బతీసేది తేమ. గోడ పలకలు, అడుగు దూలం నేలకు కనీసం 150 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలి. వీధి ఎత్తు పెరిగినకొద్దీ, మట్టి పేరుకున్నకొద్దీ ఆ దూరం తగ్గి దూలం అడుగు నుంచి కుళ్ళుతుంది. స్క్రూడ్రైవరు కొనతో గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. గట్టి కలపలో కొన దిగదు, కుళ్ళినచోట మెత్తగా దిగిపోతుంది. కుళ్ళినంతవరకే కోసి కొత్త ముక్క అతకాలి. అతుకు ఏటవాలుగా, నీరు బయటికి జారేటట్టు ఉండాలి. కొత్త పలకకు బిగించకముందే వెనక వైపు, కోసిన కొనలతో సహా అన్ని ముఖాలకూ రంగు వేయాలి. ముందువైపు మాత్రమే వేస్తే తేమ వెనక నుంచి చేరి రంగు పొక్కులు లేస్తుంది. రసాయనం పట్టించిన ఫిజీ పైన్ కలప వాడితే, కోసినచోట లోపలి భాగానికి రసాయనం అంది ఉండదు కాబట్టి అక్కడ మళ్ళీ పూయాలి. ఆ రసాయనంలో రాగి ఉంటుంది, మామూలు మేకులను అది త్వరగా తినేస్తుంది. పాత రంగు పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు, తడిపి గోకాలి, ఆ పొట్టును మూటగట్టి తీసేయాలి. వీటితోపాటు చెదలు. 2010 ప్రాంతంలో ఫిజీలోని లౌటోకా నగర పరిసరాల్లో ఆసియా జాతి చెదలు బయటపడినప్పుడు అక్కడి నుంచి కలప తరలింపు మీద ఆంక్షలు పెట్టారు. కూల్చిన ఇంటి కలపను ఒవలావుకు తీసుకురావాలంటే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు విచారించాలి.

ఇక సిమెంటు. సదుద్దేశంతో చేసి పాడుచేసే పనుల్లో ఇదే పెద్దది. సున్నంతో కట్టిన పాత రాతిగోడ తడిని పీల్చుకుని మళ్ళీ వదులుతుంది. దాని సందుల్లో సిమెంటు నింపితే తడి బయటికి పోయే దారి మూసుకుపోయి రాతిలోంచే ఆరుతుంది. సముద్రపు ఉప్పు రాతిలో గడ్డకట్టి రాయి పొరలు పొరలుగా రాలిపోతుంది. సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది, రాయే అరుగుతుంది. మన తాతల గానుగ సున్నం ఇక్కడ సరైన పదార్థం: సున్నం ఒక పాలు, ఉప్పు లేకుండా కడిగిన ఇసుక మూడు పాళ్ళు. సముద్రపు ఇసుక పనికిరాదు. పూసిన తరవాత కొన్ని రోజులు తడిగోనె కప్పి ఉంచాలి, ఎండకు వదిలేస్తే పిండిపిండిగా రాలుతుంది. 2000 తిరుగుబాటు రోజుల్లో తగలబడి మొండిగోడలతో మిగిలిన లెవుకా మేసానిక్ లాడ్జి (ఫ్రీమేసన్ల సమావేశ మందిరం) లాంటి వాటికి ముందుగా కావలసింది పునర్నిర్మాణం కాదు, గోడ తలల మీద నీరు నిలవకుండా ఏటవాలు సున్నపు టోపీ, పగుళ్ళలో వేళ్ళూనే మొక్కల తొలగింపు. మొక్కను పీకితే వేరుతో రాయి కూడా వస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరును చంపి, ఎండిన తరవాతే తీయాలి.

నుకులావు దగ్గర సమస్య మరోరకం. అది ఇప్పుడు సువా జనం విహారానికి వెళ్ళే చిన్న దీవి. అక్కడ అందమైన భవనాలు లేవు కాబట్టి కాపాడవలసింది ఏమీ లేదనుకోవడం పొరపాటు. వేలమందిని తోటలకు పంచింది ఆ నేల మీదే. ఇలాంటి చోట ముందు జరగాల్సింది కొలత: పాత పటాలతో నేలను పోల్చడం, ఒడ్డు ఏటా ఎంత కోసుకుపోతోందో ఒకే స్థానం నుంచి కొలిచి రాసిపెట్టడం, తవ్వే ముందు నేల కింద ఏముందో చూడడం. ఇదేమీ చేయకుండా కాంక్రీటు పునాది పోసి స్మారక ద్వారం కడితే, ఏ ఆనవాళ్ళ కోసం కట్టామో వాటినే పూడ్చినవాళ్ళమవుతాం. ఆంధ్ర, తెలంగాణల నుంచి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తెలుగు సంఘాల నుంచి విరాళాలు ఇచ్చేవాళ్ళు దయచేసి ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. 1941 నుంచి ఉన్న దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం ఫిజీలోనే ఉంది. అక్కడివాళ్ళను, మ్యూజియం వాళ్ళను అడగకుండా శిలాఫలకాలు చెక్కించి పంపవద్దు.

సువాలోని జాతీయ పురాభిలేఖాగారంలో వలస పాసులు ఉన్నాయి. ఒక్కో పాసు మీద మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఓడ పేరు ఉంటాయి. తెలుగు ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు గుమాస్తాల చెవికి తోచినట్టు రాసి ఉంటాయి. వాటిని సరిగా చదవగలిగింది మన జిల్లాల పాత తాలూకా పటాలు తెలిసినవాళ్ళే. విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు, చరిత్ర అధ్యాపకులు ఇక్కడి నుంచే చేయగల సాయం ఇది, దీనికి డబ్బు కూడా అక్కరలేదు.

డబ్బే ఇవ్వదలచినవాళ్ళు లెవుకాలో ఒక ఇంటి కప్పు బిగించడానికి ఇవ్వవచ్చు: పట్టీలు, స్క్రూలు, వాషర్లు, ఒక వడ్రంగి కూలి. అక్కడ తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. దీవికి సరుకు పడవలో చేరాలి, కప్పు విప్పి బిగించడానికి పొడి రోజులు కావాలి. అంచేత ఆ సాయం జులై, ఆగస్టు నాటికి అందాలి.

భవదీయుడు,
కట్టడాల పరిరక్షణ పనిలో ఉన్న ఒక ఇంజినీరు,
విశాఖపట్నం