‘పాత్రకు న్యాయం చేశాడు’ అంటే ఏమిటి?

సంపాదకులకు,

మీ శుక్రవారం సినిమా పేజీలో నటీనటుల వంతు వచ్చేసరికి నాలుగు వాక్యాలే తిరిగి తిరిగి వస్తుంటాయి. హీరో ‘పాత్రలో జీవించాడు’. హీరోయిన్ ‘అందంతో పాటు అభినయంతోనూ ఆకట్టుకుంది’. తండ్రి వేషం వేసిన సీనియర్ ‘పాత్రకు న్యాయం చేశాడు’. మిగతావాళ్లు ‘తమ పరిధి మేరకు నటించారు’. పేర్లు తీసేసి ఇవే వాక్యాలు వచ్చే వారం అచ్చేసినా ఎవరికీ అనుమానం రాదు. కింద ఐదుకు 2.75 అని ఒక అంకె. ఆ ముప్పావు ఎవరి నటనకు పడిందో, పోయిన రెండుంబావు ఏ సన్నివేశం దగ్గర పోయిందో చెప్పే నాథుడు లేడు.

ఇదంతా వరంగల్‌లో అమ్ముడయ్యే పేపరు గురించి. ధ్వన్యనుకరణకు దేశమంతా పేరు తెచ్చిన నేరెళ్ళ వేణుమాధవ్ ఊరిది. ఆయన పుట్టిన డిసెంబర్ 28న ఇప్పటికీ మిమిక్రీ దినోత్సవం జరుపుకుంటారు. ఫలానా నటుడు ఏ అక్షరం దగ్గర ఊపిరి తీసుకుంటాడు, ఏ మాట తోక లాగుతాడు అని పట్టుకోవడమే ఆ విద్య. అలాంటి ఊళ్లో చదివేవాళ్లకు ‘డైలాగ్ డెలివరీ బాగుంది’ అన్న ముక్క ఏ మూలకు?

అసలు పేచీ యాస దగ్గర. ఈ మధ్య తెలంగాణ పల్లె కథ అంటే చాలు, ‘యాసను అద్భుతంగా పలికాడు’ అని రాసేస్తున్నారు. పరీక్ష చాలా సులువు. క్రియ చివర వినాలి. ‘ఏందిరా భై, గట్లెట్ల వచ్చాడు?’ అన్నాడంటే ఆ నటుడికి యాస రాదన్నట్టే. ‘గట్ల’, ‘గిట్ల’, ‘భై’ పైన చల్లిన కొత్తిమీర. కింద ఉన్న కూర ‘వచ్చాడు’. ఇక్కడి నోట అది ‘వచ్చిండు’. చాలామంది అయితే ‘వచ్చిండ్రు’, కొన్ని ఊళ్లలో ‘అచ్చిండ్లు’. ‘రాలేదు’ కాదు ‘రాలె’. ‘తెలియదు’ కాదు ‘తెల్వది’. ‘చెయ్యాలి’ కాదు ‘చెయ్యాలె’. కరీంనగర్, వరంగల్ పల్లెల్లో ‘స్త’ కాస్తా ‘త్త’ అవుతుంది: వస్త కాస్తా అత్త, అట్లనే చేత్త, సూత్త. ఏం చేస్తున్నావన్నది ‘ఏం జేత్తానవ్’. పరకాల రైతు వేషం వేసిన మనిషి ‘నక్కో’, ‘హౌలే’, ‘ఖాళీపీలీ’ అంటే అది హైదరాబాద్ గల్లీ నుంచి తెచ్చి అతికించిన మాట. ఈ రెండూ ఒకటేనని సినిమావాళ్లు అనుకుంటే అనుకోనివ్వండి, సమీక్ష రాసేవాళ్లూ అనుకుంటే ఎట్లా?

యాసలో పుట్టినవాళ్లే పలకగలరని కాదు. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు తెలంగాణ మాట పలికారు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. పదాలను కాదు, రాగాన్ని పట్టుకున్నారు; వాక్యాన్ని మెత్తగా మొదలుపెట్టి చివర్లో కరిచే తీరు ఆ రాజకీయ నాయకుడికి సరిగ్గా అతికింది. నటన గొప్పది, దాని ఫలితం మాత్రం చెడ్డది. తర్వాత చాలా ఏళ్లు మన మాటంటే గూండాకో, హాస్యగాడికో అప్పగించే పద్ధతి స్థిరపడింది. అది నటుడి తప్పు కాదు.

సాయి పల్లవిది మరో రకం పనితనం. తెలుగులో ఆమెకు మొదటి సినిమా 2017 నాటి ‘ఫిదా’; బాన్సువాడ అమ్మాయి వేషం. సొంత గొంతే ఇచ్చింది. కోపం వచ్చిన చోట వేగం పెరిగి రెండు మూడు మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, అయినా మాట చివర ‘ఇండు’, ‘ఇన్రు’ జారవు. మాట ముందు, మొహం తర్వాత కాకుండా రెండూ ఒకేసారి కదులుతాయి. అరువు గొంతుతో అది కుదరదు. 2022లో ‘విరాటపర్వం’లో రానా మాట కొంత పుస్తకం వాసన వేస్తుందని అప్పట్లో విసుక్కున్నవాళ్లున్నారు. నా లెక్కన అది పూర్తిగా తప్పు పట్టదగ్గది కాదు, ఆయన వేసిన రవన్న పాత్ర కవి కదా. కానీ మామూలు మాటకూ, కవిత చదివే మాటకూ తేడా చూపించకపోవడం లోపమే.

‘బలగం’లో ప్రియదర్శి గురించి అందరూ రాశారు, ఎందుకు బాగుందో మాత్రం ఎవరూ రాయలేదు. తాత పోయిన ఇంట్లో సాయిలు ఏడుపు మొహంతోనే తిరుగుతుంటాడు, లోపల పెళ్లి ఆగిపోతుందేమోనన్న లెక్క నడుస్తుంటుంది. రెంటిలో ఏదీ పెద్దగా చూపించడు. కళ్లు కిందికి, దవడ బిగువుగా, ఎవరైనా పలకరిస్తే అర సెకను ఆలస్యంగా జవాబు. ఆ అర సెకనే నటన. అదే సినిమాలో ఊరూరా కథలు పాడే దుగ్గొండి మొగిలయ్య, కొమురమ్మల పాటకు హాలు హాలంతా ఏడ్చిందంటే, అక్కడ నటన అనే మాటే పనికిరాదు. వాళ్లు బతుకంతా చేసిన పనే కెమెరా ముందు చేశారు. సమీక్షల్లో దాన్ని ‘క్లైమాక్స్ సాంగ్’ అని ఒక ముక్కతో తేల్చేశారు. ఇక మాట లేకుండా నటించడమంటే 1988 నాటి ‘దాసి’లో అర్చన. బి. నర్సింగరావు తీసిన ఆ సినిమాలో దొర గడీలో పనిచేసే మనిషి వీపు వంపు, అడుగు చప్పుడే ఆమె సంభాషణ. దానికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. నేటి కొలతతో అయితే ‘డైలాగులు తక్కువ కావడం మైనస్’ అని రాసేవారేమో!

చెడ్డ నటన ఎక్కడ పుడుతుందో కూడా పాఠకుడికి చెప్పాలి. భాష రాని నటులకు షూటింగ్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్క నుంచి లైను అందిస్తాడు. నటుడు వింటాడు, ఆగుతాడు, చెబుతాడు. ఆ ఖాళీని ఎడిటింగ్‌లో కత్తిరిస్తారు, మొహం మీది ఖాళీని కత్తిరించలేరు. చూపు ఎదుటి మనిషి మీద నిలవదు, మాటకు ముందు రెప్ప కొట్టుకుంటుంది. పొడుగు వాక్యమైతే మూడు ముక్కలు చేసి మధ్యమధ్యలో ఎదుటివాడి మొహం పెట్టి కప్పుతారు. ఒక సన్నివేశంలో మాట్లాడేవాళ్లకన్నా వినేవాళ్లే ఎక్కువ కనిపిస్తే అనుమానించాలి.

ఆ తర్వాత డబ్బింగ్. ప, బ, మ పలికేటప్పుడు పెదాలు కలవాలి. సెకనుకు 24 ఫ్రేముల్లో మూడు నాలుగు అటూఇటూ అయితే కన్ను పట్టేస్తుంది. షూటింగ్‌లో వేరే భాషలో పలికిన పెదాల మీద ‘బాపు’ కూర్చోకపోతే డబ్బింగ్ రచయిత ‘నాయిన’ అని మారుస్తాడు, అదీ కుదరకపోతే ‘డాడీ’ అవుతుంది. యాస జారేది చాలాసార్లు ఇక్కడే, నటుడి అజ్ఞానం వల్ల కాదు. గుట్టెక్కి పరుగెత్తుకొచ్చిన మనిషి మాటలో ఆయాసం వినిపించదు, ఎందుకంటే ఆ మాట పలికినవాడు ఏసీ గదిలో మైకు ముందు కదలకుండా నిలబడి ఉన్నాడు. తెలివైన డబ్బింగ్ కళాకారులు మైకు ముందు నాలుగు గుంజీలు తీసి పలుకుతారు. వాళ్ల పేరు మీ పేజీలో ఎన్నడైనా కనబడిందా? గొంతు ఒకరిది, మెప్పు మరొకరిది.

ఇంకో సంగతి, దీన్ని హైదరాబాద్ ప్రివ్యూ హాల్లో కూర్చున్న సమీక్షకుడు ఊహించలేడు. హాలు బాగాలేకపోతే నటన బాగున్నట్టు కనిపించదు. హాలు శబ్దాన్ని పెంచి దించే సౌండ్ ప్రాసెసర్ మీద అంకె 7 దగ్గర ఉంటే మిక్సింగ్‌లో పెట్టిన స్థాయి వస్తుంది. ఫైట్లు, ట్రైలర్లు చెవులు పగలగొడుతున్నాయని చాలా హాళ్లలో దాన్ని 5కో, ఇంకా కిందికో దించేస్తారు. అప్పుడు మొదట మునిగేది మెల్లగా పలికిన మాట. మాటలన్నీ తెర వెనక మధ్య స్పీకర్ నుంచి వస్తాయి. దానిలో సన్నటి శబ్దాలు పలికించే హారన్ డ్రైవర్ పోయినా, తెర మీది సన్న రంధ్రాల్లో దుమ్ము పేరుకున్నా ‘స’, ‘శ’, ‘త’ మొద్దుబారి హీరో గొణుగుతున్నట్టుంటుంది. వెలుగుదీ ఇదే కథ. తెర మీద 14 ఫుట్ లాంబర్ట్‌ల (తెర వెలుగును కొలిచే లెక్క) కాంతి ఉండాలన్నది ప్రమాణం. వాడాల్సిన గంటలు దాటిపోయిన ప్రొజెక్టర్ జెనాన్ ల్యాంపుతో నెట్టుకొస్తే, లేదా 3డీ సినిమా ఆడించాక ప్రొజెక్టర్ ముందున్న ఫిల్టర్ తీయకుండా మామూలు సినిమా వేస్తే, రాత్రి సన్నివేశాల్లో కళ్లు కనిపించవు. కళ్లతో నటించేవాడు అక్కడ దండగ. ‘హావభావాలు తేలిపోయాయి’ అని హాలు బయట చెప్పుకునే మాటలో సగం పాపం ల్యాంపుదే.

కాబట్టి విన్నపం. అంకె మీకు తప్పదంటే ఉంచండి. సమీక్షలో ఒక్క సన్నివేశం తీసుకుని నటుడు ఏం చేశాడో నాలుగు లైన్లు రాయించండి. తెలంగాణ కథ అయితే ఆ నాలుగు లైన్లు వరంగల్, కరీంనగర్ డెస్కుల్లో ఉన్నవాళ్లకు ఒకసారి చూపించండి. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి భాషా దినోత్సవమని పేజీ నింపే మనుషులు మీకు ఎలాగూ ఉన్నారు. సినిమా ఎక్కడ చూశారో, ప్రివ్యూలోనా మామూలు ఆటలోనా, ఒక ముక్క వేయండి. నటీనటుల పెట్టెలో గొంతు ఎవరిదో రాయండి. డబ్బింగ్ పేర్లు టైటిల్స్ చివర్లో వస్తాయి, అప్పటికే హాలువాళ్లు లైట్లు వేసి తలుపులు తీసేస్తారు. విలేకరి నిర్మాత ఆఫీసుకు ఒక్క ఫోన్ చేస్తే ఆ పేరు దొరుకుతుంది.

– ఒక పాఠకుడు, హనుమకొండ